అక్కకు కుట్టిన అటక

చొక్కాకు ట్రయల్ వేసి చూస్తారని అందరికీ తెలుసు. ఇంటికి కూడా ట్రయల్ వేసే మొగుడూ పెళ్లాలు మాత్రం ఎక్కడోగాని ఉండరు. ఈ కథలో ఉన్నారు. మొగుడు ఇళ్లకు ప్లాన్లు గీస్తాడు, పెళ్లాం బట్టలు కుడుతుంది. అతన్ని ఇంట్లోవాళ్లే కాదు, ఇల్లు గీయించుకునేవాళ్లు కూడా చిన్నోడనే పిలుస్తారు. యాభై దాటి, కళ్లజోడు ముక్కు మీదికి జారుతున్నా ఆ పిలుపు మారలేదు, ఎత్తూ మారలేదు కనుక. ఆవిడను వీధి వీధంతా టైలరమ్మ అంటుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఒకరి తల ఒకరి తలకు సరిగ్గా సమానం. ఆ రెండు తలలూ మిగతా జనం భుజాల దగ్గరికి వస్తాయి.

పెళ్లయిన కొత్తలో చిన్నోడు గీసిన గది ఒకటి గోడలు లేచాక బెడిసికొట్టింది. కాగితం మీద చూసి తల ఊపిన పెద్దమనిషే, కట్టాక లోపల నిలబడి, ఇంత ఇరుకని ముందే చెప్పి ఏడవచ్చు కదా అన్నాడు. చిన్నోడు మొహం వేలాడేసుకుని ఇంటికి వచ్చాడు. టైలరమ్మ పళ్ల మధ్య గుండుసూది పెట్టుకునే అంది, "గీతలు చూస్తే నాకు మాత్రం ఏం తెలుస్తుంది? ఒక చొక్కాకే కచ్చాకుట్టు వేసి ఒంటి మీద చూపిస్తాను నేను. మీరు ఇంటికి చూపించరేం?"

ఆ మాట అతని బుర్రలో పడింది. అప్పటినుంచి చిక్కు గది ఏదైనా వస్తే, ఆవిడ పాత పరదా గుడ్డలతో గోడలూ కప్పూ అసలు కొలతకే కుడుతుంది, అతను ఖాళీ స్థలంలో గుంజలు పాతి ఆ గుడ్డ గదిని నిలబెడతాడు. ఇల్లుగలవాళ్లు వచ్చి అందులో తిరుగుతారు, కుర్చీ వేసుకు కూర్చుంటారు, చేతులు చాస్తారు. ఇరుకనిపిస్తే ఆవిడ కుట్టు విప్పి, పిన్నులు పెట్టి వదులు చేస్తుంది, అతను ఆ ప్రకారం ప్లాను దిద్దుతాడు. మొదట్లో గుడ్డ ఇంజనీరని వెనకాల నవ్విన వాళ్లే తర్వాత వరసకట్టారు.

ఇన్నాళ్లకు సొంత ఇల్లు కట్టుకునే యోగం పట్టింది. స్థలం అరచెయ్యంత. వీధి వైపు టైలరమ్మ కొట్టు, వెనక వంటిల్లు, ఒక పడగ్గది, గోడవారగా చిన్నోడి బల్ల. అక్కడికి నేల అయిపోయింది. పైన రెండు వైపులకూ వాలిన కప్పు, ఆ కప్పు కింద అటక. లోకంలో అందరూ పారేయబుద్ధి కాని సామాను పెట్టుకునే ఆ చోట చిన్నోడు తన అక్కకు గది గీద్దామనుకున్నాడు.

అక్క పొడుగు. మామూలు పొడుగు కాదు. బళ్లో నిచ్చెన అని పేరు పెట్టారు. ఆ పేరు వినపడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో తెలియక వంగడం నేర్చుకుంది. మొదట స్నేహితురాళ్ల మాట వినడానికి వంగింది, తర్వాత గుమ్మాలకు వంగింది, ఆ తర్వాత ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరితే మెట్ల కింద గది ఇచ్చారు, ఇక నిటారుగా నిలబడే అవసరమే రాలేదు. పెళ్లి చేసుకోలేదు, చేసుకోలేదని దిగులూ పెట్టుకోలేదు. హాస్టల్ మంచం పొట్టిదై పాదాలు బయటికి వేలాడేవి. "సరిపోతుందిలే," అనేది. భోజనాల బల్ల మోకాళ్లకు కొట్టుకునేది. "సరిపోతుందిలే." ఆ మాట అక్క నోటినుంచి వచ్చిందంటే సరిపోలేదని అర్థం. ఈ సంగతి లోకంలో చిన్నోడొక్కడికే తెలుసు.

అలాంటి అక్క రిటైరైంది. మెట్ల కింద గది ఖాళీ చెయ్యాలి. చిన్నోడు ఫోన్ చేసి వచ్చి మాతో ఉండమన్నాడు.

"చూద్దాంలేరా," అంది అక్క. "నా స్నేహితురాలు వేరే ఊళ్లో ఒక గది చూసింది. ఇద్దరం అందులో సర్దుకుంటాం."

సర్దుకుంటాం అన్న మాట చిన్నోడికి ముల్లులా గుచ్చుకుంది. "నువ్వెక్కడా సర్దుకోనక్కర్లేదు. నీకంటూ గది కడుతున్నాను."

"ఎక్కడ కడతావు, అంత చిన్న స్థలంలో?"

"అటక మీద."

"అప్పుడే నన్ను అటకెక్కించేస్తున్నావా?" అని అక్క పకపకా నవ్వింది. నవ్వు అయ్యాక, "అటకైతే చూస్తానురా," అంది. "ఇన్నేళ్లూ మెట్ల కిందే ఉన్నాను. మెట్ల పైన ఎలా ఉంటుందో చూడాలనుంది."

ఇంత పొట్టి మొగుడూ పెళ్లాలు, వాళ్లే అటకెక్కి, పొడుగు మనిషిని కింద ఉంచవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. చిన్నోడికీ తోచింది. కానీ మిషను తొక్కీ తొక్కీ టైలరమ్మ మోకాళ్లు అరిగిపోయాయి, రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద కూలబడుతుంది. అక్క మోకాళ్లేమో ఉక్కు ముక్కలు. పైగా పైన ఉంటానని ఆవిడ నోరు విప్పి అంది. అక్క ఇది కావాలనడం చిన్నోడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. గుడ్డ గది నిలబెట్టిన రోజు అక్క వచ్చి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. లేకపోతే ఆ మర్నాడే స్నేహితురాలికి వస్తున్నానని చెప్పేస్తుంది. చిన్నోడి భయం ఆ రెండిట్లో దేని గురించీ కాదు. చాలని గదికి కూడా సరిపోతుందనేసి, మిగిలిన బతుకంతా తన ఇంట్లోనే, తన కళ్లముందే వంగి తిరుగుతుందేమోనని.

అటకలో గది గీయడం మామూలు గది గీసినట్టు కాదు. మామూలు గదిలో గోడ గోడలా, కప్పు కప్పులా ఉంటాయి. అటకలో కప్పే గోడ అవతారమెత్తి రెండు పక్కలా దిగొస్తుంది. నడిమధ్యన మనిషి నిలబడగలడు. పక్కకు జరిగితే వంగాలి, ఇంకా జరిగితే పాకాలి. అందుకని నిలబడి చేసే పనులన్నీ మధ్యకు తెచ్చుకోవాలి, కూర్చుని చేసేవి పక్కకు జరపాలి, పడుకునే చోటు వాలు కిందికి తొయ్యాలి. చిన్నోడు మెట్లను సరిగ్గా నడిమధ్యకే చేర్చాడు, అక్క పైకి వస్తూనే తల వంచనక్కర్లేకుండా. మంచం వాలు కింద పెట్టాడు. మరీ లోతట్టు మూలల్లో పరుపులూ దుప్పట్లూ దాచే సొరుగులు పెట్టాడు. త్రికోణంగా నిలిచే కొస గోడకు కిటికీ పెట్టి దాని దగ్గర బల్ల వేశాడు. మంచానికి తిన్నగా పైన, కప్పు వాలులోనే ఆకాశం కనపడేలా ఒక అద్దం గీశాడు.

టైలరమ్మ బొత్తాలు కుడుతూ ఓరగా చూసింది. "ఆ అద్దం తలవైపు వద్దండీ. తెల్లారేసరికి ఎండ మొహాన కొడుతుంది."

"అక్క ఎండకంటే ముందే లేస్తుంది."

"లేచేది హాస్టల్లో గంట కొట్టడానికి. ఇప్పుడు ఎవరికి కొట్టాలి గంట? పడుకోనివ్వండి మహాతల్లిని."

అద్దం కాళ్లవైపుకు జరిగింది. చిన్నోడు పెళ్లాం మాట విన్నాడని కాదు, ఆవిడ చెప్పింది నిజమని జరిపాడు. అలా అని ఆవిడకే చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

చివరికి అన్నిటికంటే ముఖ్యమైన గీత మిగిలింది. కప్పు నడికొస, అంటే రెండు వాలులూ పైన కలిసే చోటు, ఎంత ఎత్తున ఉండాలి. ఊరి ఆఫీసువాళ్ల లెక్క ప్రకారం ఇల్లు ఇంతకు మించి లేవకూడదని ఒక హద్దుంది, ఆ హద్దు లోపలే రెండంతస్తులూ ఇమడాలి.

"అక్క ఎత్తెంత?" అని అడిగాడు.

టైలరమ్మ తలెత్తకుండానే చెప్పేసింది. కాపురానికి వచ్చినప్పటినుంచీ వదినకు కోట్లూ చొక్కాలూ కుడుతోంది, ఆ మనిషి కొలతలు ఆవిడకు నిద్రలో లేపినా వస్తాయి. చిన్నోడు ఆ ఎత్తుకు పైన నాలుగు వేళ్లు వదిలి గీత గీశాడు. గీత సరిగ్గా ఆఫీసువాళ్ల హద్దును తాకి ఆగింది.

"నాలుగు వేళ్లు వదులు చాలంటావా?"

"కోటుకైతే రెండే వదులుతాను. నాలుగంటే ధారాళం."

చిన్నోడు పెన్సిలు కింద పెట్టి ఒళ్లు విరుచుకున్నాడు. ఒక్క అంగుళం వృథా పోకుండా గీశానని తనను తానే మెచ్చుకున్నాడు.

ట్రయల్ రోజు పొద్దున గాలి కాస్త విసురుగానే ఉంది. ఒక పక్క బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టు, ఇంకో పక్క సైకిళ్ల కొట్టు, రెండిటి మధ్య ఆ అరచెయ్యంత స్థలంలో లేత రంగు లైనింగు గుడ్డతో అక్క గది నిలబడింది. నేలే అటక నేల అనుకోవాలి. రెండు వైపులా వాలిన కప్పు, కొస గోడకు కిటికీ కోసం చదరంగా కోసిన కన్నం, వాలులో అద్దానికి బదులు పలచటి ప్లాస్టిక్ షీటు. మంచానికి బదులు మడత మంచం, బల్లకు బదులు కుట్టుమిషను మూత.

అక్క ఒక్క బ్యాగుతో వచ్చింది. వస్తూనే నడుం వంచి, మెడ వంచి, తమ్ముడి మొహానికి మొహం పెట్టి పలకరించింది. ఎవరితో మాట్లాడినా అంతే, వాళ్ల ఎత్తుకు దిగి మాట్లాడుతుంది. "ఏరా, చిక్కావేం?" అంది. తర్వాత మరదలి వైపు తిరిగి ఇంకాస్త వంగి, "వీడికి తిండి పెడుతున్నావా లేదా?" అంది.

"పెడుతున్నాను వదినా. ఎటు పోతోందో తెలీదు, పైకి మాత్రం పోవడం లేదు," అంది టైలరమ్మ.

అక్క గుడ్డ తలుపు తొలగించి లోపలికి వెళ్లింది. కుర్చీలో కూర్చుంది. మడత మంచం మీద పడుకుని ప్లాస్టిక్ షీటులోంచి ఆకాశం చూసింది. లేచి కిటికీ దగ్గరికి నడిచింది. చిన్నోడు గుమ్మంలో నిలబడి పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలా చూస్తున్నాడు. అక్క తల పైన నాలుగు వేళ్ల ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"బాగుందిరా," అంది అక్క. "సరిపోతుంది."

చిన్నోడు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "నిజంగా చెప్పు."

"నిజంగానే. ఇంతకంటే ఏం కావాలి నాకు?"

ఎక్కడ చాల్లేదో చూద్దామని అతను మూల మూలా వెతికాడు. మంచం పొడవా, బల్ల ఎత్తా, కిటికీ వెడల్పా? తప్పు ఉంది, అక్క నోట ఆ మాట వచ్చాక ఉండకుండా ఉండదు, కానీ కంటికి కనపడదు. ఈలోగా బయటినుంచి టైలరమ్మ కేకేసింది. "ఏమండీ, ఈ గుంజ ఊగిపోతోంది. ఒకసారి వచ్చి పట్టుకోండి."

అతను బయటికి వెళ్లి గుంజ పట్టుకున్నాడు. ఆవిడ తాడు బిగిస్తోంది. అప్పుడు చూశాడు. కప్పు నడికొస మీద గుడ్డ చిన్నగా బొడిపె కట్టింది.

గాలి అనుకున్నాడు. కానీ గాలి అంత మెల్లగా నడవదు. బొడిపె కిటికీ వైపు కదిలింది. అక్కడ కాసేపు ఆగింది, వెనక్కి తిరిగింది, తిన్నగా మధ్యకు వచ్చి నిలిచింది. తర్వాత కప్పు రెండు వాలుల మీదా ఇంకో రెండు బొడిపెలు లేచాయి, ఇటొకటి అటొకటి. చేతులు. లోపల ఎవరూ చూడడం లేదనుకున్న మనిషి ఒళ్లంతా సాగదీసుకుని, గుడ్డే కదా అని నిటారుగా లేచి నిలబడింది.

టైలరమ్మ చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. "అది వదిన తల," అంది గుసగుసగా.

"తెలుస్తోంది."

"నాలుగు వేళ్లు వదిలారు కదా?"

"వదిలాను. నువ్వు చెప్పిన ఎత్తుకు."

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కుట్టుపనిలో ఆవిడకు గురువు నేర్పిన మొదటి నియమం ఒకటుంది. మనిషి ఎలా నిలబడితే అలాగే కొలవాలి, నిటారుగా నిలబడమని ఎన్నడూ అనకూడదు. అన్నామంటే ఆ బట్ట కొలిచిన ఆ ఒక్క నిమిషానికే సరిపోతుంది, మర్నాటినుంచి వీపు దగ్గర పట్టేస్తుంది. అందుకే వదిన కోట్లకు వీపు భాగం పొడుగ్గా, ముందు భాగం పొట్టిగా కత్తిరిస్తుంది. వంగిన మనిషికి వంగినట్టే కుడుతుంది. ఆవిడ కుట్టిన కోటు వదినకు నప్పినంతగా ఇంకెవరు కుట్టిందీ నప్పదు.

"నేను సరిగ్గానే కొలిచానండీ," అంది టైలరమ్మ.

"నువ్వు సరిగ్గానే కొలిచావు. కోటు కొలత తెచ్చి కొంప గీసింది నేను." చిన్నోడికి తన మీద తనకే ఒళ్లు మండింది. అక్క వంగి ఉంటుందని చిన్నప్పటినుంచీ తెలుసు, ఎంత వంగి ఉంటుందో ఒక్కసారీ అడగలేదు. హాస్టలువాళ్లు మెట్ల కింద గది ఇచ్చారని ఇన్నేళ్లూ తిట్టుకున్నాడు. ఇప్పుడు తనూ అలాంటిదే గీసి, పైన అద్దం పెట్టాడు.

అతను దగ్గాడు. మూడు బొడిపెలూ ఒక్కసారి మాయమయ్యాయి.

ఇద్దరూ లోపలికి వెళ్లేసరికి అక్క ఎప్పటిలాగే వంగి, కిటికీ గుడ్డ సవరిస్తోంది.

"అక్కా, తల తగిలింది కదూ?"

"ఎక్కడా తగల్లేదే."

"బయటికి కనిపించింది."

చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయిన పిల్లలా అక్క మొహం ఎర్రబడింది. "గుడ్డే కదా అని ఊరికే ఒకసారి సాగానురా. రోజూ అలా ఉంటానా ఏంటి? నేను మామూలుగా ఉండేట్టు ఉంటే సరిపోతుంది."

"సరిపోతుంది, సరిపోతుంది," అన్నాడు చిన్నోడు. అతని గొంతు అనుకున్నదానికంటే పెద్దగా లేచింది. "ఆ మాట వినలేక చస్తున్నాను. మంచం చాలకపోయినా అదే మాట, గది చాలకపోయినా అదే మాట. ఇప్పుడు నేను గీసిన గదికీ అదేనా? వాళ్లూ నేనూ ఒకటేనా నీకు?"

అక్క నిలువునా నీరుగారిపోయింది. తర్వాత కుర్చీ పక్కనున్న బ్యాగు అందుకుంది. "చూశావా, నేనింకా రానేలేదు, అప్పుడే గొడవ మొదలైంది. నా స్నేహితురాలికి వస్తున్నానని చెప్పేస్తానురా. అక్కడైతే ఎవరికీ హైరానా ఉండదు. నువ్వింత కష్టపడ్డావు, అది చాలు నాకు."

గుడ్డ తలుపుకు అడ్డంగా టైలరమ్మ నిలబడింది. నిలబడ్డా ఆవిడ పైనుంచి బయటి వీధి కనిపిస్తూనే ఉంది. "బ్యాగు కింద పెట్టండి వదినా. కొలత తీసుకోవాలి."

"నా కొలతలన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదమ్మా."

"అవి బట్టలకు. ఇది ఇంటికి. బయటికి రండి, అక్కడైతే ఆకాశం తగలదు."

మరదలు మెడలో టేపు వేసుకుని పిలిస్తే కాదనడం అక్కకు ఎప్పుడూ చేతకాలేదు. బయటికి వచ్చి గుంజకు వీపు ఆనించి నిలబడింది. టైలరమ్మ, ఇన్నేళ్ల పనిలో ఏ మనిషితోనూ అనని మాట అంది. "నిటారుగా నిలబడండి."

అక్క నిలబడింది.

"ఇంకా ఉంది."

"ఇంతేనమ్మా."

"ఆ వీపుకు ఇన్నేళ్లనుంచి బట్టలు కుడుతున్నాను. ఇంకా ఉంది. నాకు తెలుసు."

నడుం ముందు సర్దుకుంది. తర్వాత భుజాలు వెనక్కి వెళ్లాయి. మెడ అన్నిటికంటే ఆలస్యంగా, కొంచెం నొప్పితో లేచింది. అక్క కళ్లు మూసుకుంది. పక్క కొట్లో ఇస్త్రీ చేస్తున్నతను పెట్టె పక్కకు పెట్టి చూస్తున్నాడు. టైలరమ్మ కుర్చీ తెప్పించుకుని ఎక్కి, అది చాలక చిన్నోడి భుజం పట్టుకుని కాలివేళ్ల మీద లేచి టేపు పెట్టింది. పాత కొలతకంటే అర జానెడు ఎక్కువ వచ్చింది.

అక్కే ముందు తేరుకుంది. "అర జానెడు ఎక్కడనుంచి తెస్తావురా? కప్పు ఇంక లేవదన్నావుగా. అందుకే చెప్పాను."

చిన్నోడు ఇటుకల కుప్ప మీద కూర్చుని ప్లాను మోకాళ్ల మీద పరుచుకున్నాడు. కప్పు పైకి పోదు, ఆఫీసువాళ్లు ఒప్పుకోరు. పెన్సిలు నడికొస గీత మీదినుంచి కిందికి వచ్చింది, అటక నేల దగ్గర ఆగింది. అతను ఆ గీత తుడిచేశాడు. అర జానెడు కిందికి మళ్లీ గీశాడు.

"పైకి పోకపోతే పోనీ," అన్నాడు. "నేలే కిందికి దిగుతుంది."

అక్క వంగి కాగితం చూసింది. ఆవిడకు గీతలు చదవడం రాదు గానీ తమ్ముణ్ని చదవడం వచ్చు. "నా నేల అంటే కింద మీ కప్పేగా. మీ పడగ్గది దిగిపోతుంది. కొట్టు దిగిపోతుంది. నా కోసం మీ ఇద్దరి నెత్తి మీదికి కప్పు దింపుతావా? నేనొప్పుకోను."

"వదినా," అంది టైలరమ్మ. "మమ్మల్నిద్దర్నీ ఒకసారి సరిగ్గా చూడండి. ఆ పైనున్న గాలి ఎప్పుడైనా మా మొహానికి పనికొచ్చిందా? బూజు పట్టడానికి తప్ప ఎందుకూ వాడుకోలేదు. బూజు దులపాలన్నా కుర్చీ ఎక్కాల్సిందే. కాస్త దిగితే నాకు కిందినుంచే చీపురు అందుతుంది."

"నేను ఎగిరినా తగలదు," అన్నాడు చిన్నోడు.

"ఏదీ, ఎగిరి చూపించండి."

చిన్నోడు లేచాడు. గుంజ మీద టైలరమ్మ కుర్చీ ఎక్కి సుద్దతో కొత్త కప్పు ఎత్తున గీత పెట్టింది. యాభై దాటిన మనిషి వీధంతా చూస్తుండగా చేతులు పైకెత్తి ఎగిరాడు. కళ్లజోడు ఎగిరి ఇసకలో పడింది గానీ వేళ్లు గీతను తాకలేదు. ఇస్త్రీ కొట్టతను మళ్లీ ఎగరమన్నాడు. మళ్లీ ఎగిరాడు. అక్క నవ్వు ఆపుకోవాలని చూసి, చేతకాక, గుంజ పట్టుకుని కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వింది.

నవ్వు తగ్గాక చాలాసేపు ఆ సుద్ద గీతనే చూస్తూ ఉంది. చిన్నోడు ఇసకలోంచి కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అయితే, ఒరేయ్," అంది అక్క. "నేల కిందికి దిగితే దిగింది, ఆ కిటికీని మాత్రం కాస్త పైకి జరుపుతావా? ఇప్పుడు దాన్లోంచి రోడ్డే కనిపిస్తోంది నాకు. రోడ్డు చాలా చూశాను. అటు పక్క చెట్ల కొనలు కనిపించాలి."

చిన్నోడు గబగబా పెన్సిలు వెతుక్కున్నాడు. చెవి మీదే ఉంది. "ఎంత పైకి?"

"నా కళ్ల ఎత్తుకు. ఇప్పుడు కొలిచారే, ఆ ఎత్తుకు."

"మంచమో?"

"పొట్టి." ఆ ఒక్క మాట అనడానికి అక్క కాస్త తడబడింది, అన్నాక మాత్రం ఆగలేదు. "పాదాలు లోపలుండాలి. బల్ల కూడా పొట్టే, మోకాళ్లకు కొట్టుకుంటుంది. ఇంకోటి, ఆ మెట్ల పైన తలుపుందే, దాని గుమ్మం సంగతేంటి?"

"గుమ్మం మామూలు ఎత్తే పెట్టాను."

"మామూలంటే ఎవరి మామూలు?"

చిన్నోడు గుమ్మం తుడిచేశాడు. ప్లాను నిండా తుడుపులూ దిద్దుబాట్లూ, శుభ్రంగా గీసిన కాగితం పందిరి కింద కోళ్లు తిరిగిన నేలలా తయారైంది. ఇల్లు గీసే మనిషికి ఇలా గంటకో కోరిక కోరే క్లయింటు దొరికితే తల పట్టుకుని కూర్చుంటాడు. చిన్నోడు మాత్రం ఒక్కో గీతా తుడుస్తున్న కొద్దీ సంతోషంతో ఉబ్బిపోయాడు. అక్క అడుగుతోంది, అది చాల్లేదు, ఇది చాల్లేదంటోంది.

"వదిన ఇంత పేచీకోరని నాకు తెలీదు," అంది టైలరమ్మ.

"నాకూ తెలీదమ్మా," అంది అక్క. "సాయంత్రం నా స్నేహితురాలికి ఫోన్ చేస్తాను. నా గది చూడ్డానికి రమ్మంటాను. రెండు రోజులుండి పోతుంది, కుర్చీ ఇంకోటి పడుతుందారా అక్కడ?"

"పడుతుంది," అన్నాడు చిన్నోడు, ఎక్కడ పడుతుందో ఇంకా తెలియకుండానే.

కుట్టు విప్పే పని లేదు. ఇటుకలున్నాయి. గుంజలను పైకి లాగి ఒక్కో గుంజ కింద ఒక్కో ఇటుక దోపారు. ఇస్త్రీ కొట్టతను కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. గుడ్డ గది అర జానెడు పైకి లేచి గాలికి ఒకసారి ఊగి కుదుటపడింది. కింద గోడల దగ్గర గుడ్డ చాలక వెలుతురు సందు పడింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ముగ్గురూ లోపలికి వెళ్లారు. అక్క అలవాటు చొప్పున తల వంచుకునే నడిచి, నడిమధ్యకు వచ్చాక ఆగి, ఇందాక నేర్చుకున్నట్టు ముందు నడుం, తర్వాత భుజాలు, చివరికి మెడ ఎత్తింది. పైన గుడ్డ కదల్లేదు. చిన్నోడు ఆ ఖాళీలో నాలుగు వేళ్లు పెట్టి చూద్దామనుకున్నాడు గానీ అతని చెయ్యి అంతదాకా అందదు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎలా ఉందక్కా?"

అక్క వంగకుండా, అంత ఎత్తునుంచి తమ్ముడి వైపు చూస్తోంది. చూస్తూ చూస్తూ కనుబొమలు ముడిచింది.

"ఒరేయ్, నీ నడినెత్తిన జుట్టు లేదేంరా?"

"అది పోయి చాలా ఏళ్లయిందక్కా."

"నాకు చెప్పలేదే?"

"చెప్పేదేముంది? లోకమంతా చూస్తూనే ఉంది."

టైలరమ్మ నోటికి టేపు అడ్డం పెట్టుకుంది. అక్క నవ్వలేదు. చెయ్యి చాచి, అరచేతిని ఆ బట్టతల మీద పెట్టింది. పెట్టి, వంగకుండా అలాగే నిలబడింది. చిన్నోడి కళ్లజోడు మళ్లీ ముక్కు మీదికి జారింది. పైకి తోసుకుంటే తల కదులుతుందని తోసుకోకుండా ఊరుకున్నాడు.